మనస్సు క్రుంగినప్పుడు మెదడులో జరుగునదేమి?

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పాఠము చెప్పు తరగతిలో ఒక బాలుడుండెను. లెక్కలలో ఎప్పుడును అతనిదే మొదటి స్థానము. ఆ యేడు దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన పిమ్మట అతడు వేఱొకడైపోయెను. ఇంటిలెక్కలు చేసి తెచ్చుట మానెను. పేరు పెట్టి పిలిచినను కొంతసేపటికి గాని పలుకడు. సాయంకాలము తోడివారు బంతియాడుచుండగా తాను వేపచెట్టు మొదట నొంటరిగ కూర్చుండును. ఉదయ ప్రార్థనకు నిత్యము ఆలస్యమే. నేనతని ప్రోగ్రెసు కార్డులో "సోమరి" యని వ్రాసితిని. తండ్రి యది చదివి కొట్టెనని తరువాత తెలిసెను. ఆ బాలుడు సోమరి కాడు, రోగి యని మాకు తెలియునప్పటికి నాలుగు మాసములు గడచెను. వైద్యుని సాయమున అతడు కోలుకొనెను. నేడు ఉద్యోగము చేసికొనుచు సుఖముగ నున్నాడు. అయినను ఆ కార్డు మీద నా చేతివ్రాత చెఱిగిపోలేదు. ఆ ఋణములో కొంతయైన తీర్చుకొనవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

దుఃఖము వేఱు, రోగము వేఱు

దుఃఖమెఱుగని మనుష్యుడు లేడు. పరీక్ష తప్పినను, ఆప్తులు మరణించినను, స్నేహితుడు దూరమైనను మనస్సు బాధపడును. అది రోగము కాదు. అట్టి దుఃఖములో నున్నవాడు నడుమ నడుమ నవ్వగలడు. ఇష్టమైన పిండివంట యెదుట పెట్టినచో రుచి యెఱుగును. దినములు గడచుకొలది తేరుకొనును. విషాదరోగ మట్టిది కాదు. దీనినే నేడు లోకమున డిప్రెషన్ అనియు, క్రుంగుబాటు అనియు వ్యవహరించుచున్నారు.

దీనిని గుర్తించుటకు వైద్యులు కొన్ని లక్షణములను నిర్ణయించియున్నారు. దినములో ఎక్కువ భాగము మనస్సు క్రుంగియుండుట, మునుపు సంతోషము కలిగించిన పనులయందు ఆసక్తి పోవుట - ఈ రెంటిలో నొకటియైన తప్పక యుండవలెను. వీనికి తోడు నిద్ర చెడుటయో అతినిద్రయో, ఆకలి తగ్గుటయో పెరుగుటయో, ఎడతెగని అలసట, చదివినది తలకెక్కకుండుట, మాటలును చేష్టలును మందగించుటయో, లేక కుదురుగ నుండలేకపోవుటయో, తాను పనికిమాలినవాడనను భావము, మరణమును గూర్చిన తలపులు కలుగవచ్చును. ఇట్టి లక్షణములు మొత్తము మీద అయిదైనను రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము నుండి, చదువును పనిని చెఱచినచో దానిని రోగముగా నెంచుదురు. పిల్లలయందు ఇది విచారముగా గాక చిరాకుగను, కోపముగను కనబడుట కలదు. మన దేశమున ననేకులు "మనస్సు బాగులేదు" అనుటకు మారుగా "తలనొప్పి, ఒళ్లునొప్పులు, గుండెలో బరువు" అని చెప్పుకొందురు. కావున ఇంటివారు దీనిని గుర్తింపలేక తలనొప్పి మాత్రలతో సరిపెట్టుదురు.

ఈ రోగము అరుదైనది కాదు. ప్రపంచారోగ్యసంస్థ అంచనా ప్రకారము భూమిపై దాదాపు 30 కోట్ల మంది దీనిచేత బాధపడుచున్నారు. పురుషులకంటె స్త్రీలయందిది హెచ్చు. ధనికులని, దరిద్రులని, విద్యావంతులని, భక్తులని దీనికి భేదము లేదు.

పూర్వుల యభిప్రాయములు

క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున జనించిన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట వెలసిన వైద్యశాస్త్రము, దేహములో నల్లని పైత్యము హెచ్చగుటయే విషాదమునకు కారణమని చెప్పెను. "మెలంకోలియా" యను గ్రీకు పదమునకు నల్లని పైత్యమనియే యర్థము. అట్టి ద్రవమేదియు దేహమున లేదని తరువాత తేలెను. అయినను ఆ వైద్యుల తలంపులో నొక సత్యము దాగియున్నది: ఈ బాధకు మూలము దేహములో వెదకవలెనని వారు గ్రహించిరి. తరువాతి కాలపు జనులలో పలువురు దానిని మఱచి, దీనిని శాపమనియు, దయ్యము పట్టుట యనియు, పాపఫల మనియు తలచిరి. మన పల్లెలలో నేటికిని గాలి సోకినదని తాయెత్తులు కట్టించువారు కలరు. క్రైస్తవ కుటుంబములలోనో, "ప్రార్థన చాలదు, విశ్వాసము తక్కువ" యను మాట వినబడుచుండును.

ఈ మాటకు సమాధానముగా ఒక్క భక్తుని చరిత్రము చాలును. ఇంగ్లండు దేశపు కవి విలియం కూపర్ 1731లో జన్మించెను. ఆయన 1763లో తీవ్రమైన విషాదమునకు లోనై ప్రాణము తీసికొన యత్నించెను. సెయింట్ ఆల్బన్స్ పట్టణమున డాక్టరు నథానియేల్ కాటన్ అను దయాళువైన వైద్యుడు ఆయనను తన యింట నుంచుకొని, దండింపక, ఓర్పుతో మాటాడుచు బాగుచేసెను. తరువాత కూపరు జాన్ న్యూటను దొరగారితో కలిసి కీర్తనలు రచించెను. 1779లో వెలువడిన ఆల్నీ కీర్తనల గ్రంథములో కూపరు వ్రాసినవి అరువదికి పైగా నున్నవి. వానిలో కొన్ని నేటికిని లోకమంతట ఆరాధనలలో పాడబడుచున్నవి. అంతటి కీర్తనకారుడును 1773లో మరల రోగగ్రస్తుడై, దేవుడు తన్ను విడిచిపెట్టెనని నమ్మెను. 1800లో మరణించువఱకు ఆ తలపు ఆయనను పూర్తిగా విడువలేదు. ఇతరులకు ధైర్యము నొసగిన కీర్తనలను వ్రాసినవాని విశ్వాసము కొఱవడినదని యెవరనగలరు? కన్ను రోగము పొందిన వెలుగు కనబడదు, వెలుగు లేకపోలేదు. అట్లే మెదడు రోగము పొందినప్పుడు ఆశ కనబడదు.

మెదడును, దాని వార్తాహరులును

ఇక మెదడును గూర్చి తెలిసికొందము. పెద్దవాని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుండును. దేహపు బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, దేహము ఖర్చుచేయు శక్తిలో ఇది నూటికి ఇరువది పాళ్లు తానే వాడుకొనును. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఒక్కొక్క కణము వేలకొలది ఇతర కణములతో సంబంధము కలిగియుండును. మన జ్ఞాపకము, భయము, ఆకలి, సంతోషము, రేపు చేయవలసిన పనిని గూర్చిన యాలోచన - సర్వమును ఈ సంబంధములను ఆధారము చేసికొనియే జరుగుచున్నవి.

ఒక నాడీకణము మఱియొకదానికి వార్త నెట్లు పంపును? ప్రాయికముగా ఆ రెండు కణములును ఒకదాని నొకటి తాకవు. వాని నడుమ మిల్లీమీటరులో 50,000వ వంతు మాత్రము ఎడముండును. దీనిని నాడీసంధి యందురు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణమున ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడొక చక్కని ప్రయోగము చేసెను. అతడు రెండు కప్పల గుండెలను ఉప్పునీటిలో నుంచెను. మొదటి గుండెకు పోవు వేగస్ నాడిని విద్యుత్తుచే ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదిగ కొట్టుకొనసాగెను. పిమ్మట ఆ గుండె చుట్టునున్న నీటిని తీసి రెండవ గుండెపై పోసెను. రెండవ గుండెకు నాడీప్రేరణ యేమియు లేకున్నను అదియు నెమ్మదించెను! నాడి యేదో ఒక ద్రవ్యమును విడుచుచున్నదనియు, వార్తను మోయునది ఆ ద్రవ్యమే యనియు దీనివలన ఋజువయ్యెను. ఇందులకై లోవీకి, హెన్రీ డేల్ అను శాస్త్రజ్ఞునితో కలిపి, 1936లో నోబెలు బహుమాన మీయబడెను.

అట్టి వార్తాహర ద్రవ్యములు మెదడులో పెక్కు గలవు. సెరొటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్ అనునవి వానిలో కొన్ని. ఇవి చేయు పనిని మన గోదావరి రేవుతో పోల్చవచ్చును. ఈ యొడ్డున పడవ బయలుదేరును. ఆ యొడ్డున నున్న రేవున కట్టి సరకు దింపును. అనగా వార్తాహరము సంధిని దాటి, ఎదుటి కణము మీది గ్రాహకమను చోట నంటుకొని, వార్త నందించును. పని ముగిసిన పిదప పడవ తిరిగి మొదటి యొడ్డునకే లాగుకొనబడును. కొన్ని పడవలను అచ్చటనే విఱుగగొట్టు రసాయనికమును కలదు. ఈ తిరిగి లాగుకొనుటను, ఈ విఱుగగొట్టుటను జ్ఞాపకముంచుకొనుడు. మందుల కథయంతయు వీనిపైననే యాధారపడియున్నది.

అనుకొనకుండ దొరకిన మందులు

విషాదరోగమునకు మందు వెదకి కనిపెట్టినవారు మొదట నెవరును లేరు. అది క్షయరోగుల ఆసుపత్రిలో దొరకెను. 1952లో న్యూయార్కు నగరమునకు చేరిన స్టేటన్ ద్వీపములోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐసోనియజిడ్, ఇప్రోనియజిడ్ అను క్రొత్త మందుల నిచ్చి చూచిరి. నెలల తరబడి మంచములంటియున్న రోగులు లేచి తిరుగసాగిరి, నవ్వసాగిరి, ఆకలియని యడుగసాగిరి. ముఖ్యముగా ఇప్రోనియజిడ్ పుచ్చుకొన్నవారి యుల్లాసము వారి క్షయ తగ్గిన మేరకంటె నెక్కువగ నుండెను. ఆ సంవత్సరమే ఎర్న్‌స్ట్ జెల్లర్ అను శాస్త్రజ్ఞుడు, వార్తాహరములను విఱుగగొట్టు రసాయనికమును ఈ మందు అడ్డగించుచున్నదని చూపెను. 1957లో నేథన్ క్లైన్ అను వైద్యుడును అతని సహచరులును దీనిని విషాదరోగుల కిచ్చి మేలు కనుగొనిరి. కాలేయమునకు హాని చేయుటవలన ఆ మందు తరువాత విడువబడినను, అది తెఱచిన త్రోవ మూతపడలేదు.

ఆ కాలముననే స్విట్జర్లండులోని మ్యూన్‌స్టర్లింగెన్ ఆసుపత్రి వైద్యుడు రోలండ్ కూన్, వేఱొక మనోరోగమునకై పంపబడిన ఇమిప్రమిన్ అను మందు దానికి పనికిరాకున్నను, విషాదరోగులకు మేలుచేయుచున్నదని తన కన్నులతో గమనించి, 1957లో ప్రకటించెను. 1961లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఇట్టి మందులు పడవలను తిరిగి లాగుకొనుటను అడ్డగించుచున్నవని నిరూపించెను. అతనికి 1970లో నోబెలు బహుమానము వచ్చెను.

ఇందులో మన దేశపు మొక్కకును భాగము కలదు. సర్పగంధి వేరు మన వైద్యులకు పురాతనకాలమునుండి తెలిసినదే. 1931లో గణనాథ సేన్, కార్తీకచంద్ర బోస్ అను వంగ దేశపు వైద్యులు అది రక్తపు పోటును, ఉన్మాదమును తగ్గించునని వ్రాసిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. అది మెదడులోని సెరొటోనిన్ మొదలగువాని నిల్వలను ఖాళీచేయునని తరువాత తెలిసెను. రక్తపు పోటునకై దానిని వాడినవారిలో కొందఱు విషాదము పొందిరని వైద్యులు వ్రాయుటచే, ఈ ద్రవ్యములు తగ్గుటయే విషాదమునకు కారణమను వాదము బలపడెను. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ దీనినొక సిద్ధాంతముగ కూర్చెను. 1987లో అమెరికా ప్రభుత్వము ఫ్లూఆక్సెటిన్ అను మందు నంగీకరించెను. ఇది ముఖ్యముగా సెరొటోనిన్ పడవలనే తిరిగి పోకుండ నాపును. అది మొదలు "సెరొటోనిన్ తక్కువైన విషాదము, నింపిన సంతోషము" అను మాట ఇంటింట వ్యాపించెను.

లెక్క కుదరలేదు

విద్యార్థులారా! ఒక లెక్కకు జవాబు సరిపోయినంత మాత్రమున మార్గము సరియైనదని తలచరాదు. ఈ మందులు సంధిలోని సెరొటోనినును కొన్ని గంటలలోనే హెచ్చించును. కాని రోగికి చక్కని మేలు కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. కొఱతను నింపుటయే చికిత్స యైనచో ఈ యాలస్యమేల? మఱియు 2022లో లండను నగరపు జోఆన మాన్‌క్రీఫ్, ఆమె సహచరులును అంతవఱకు జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించి, విషాదరోగులయందు సెరొటోనిన్ తక్కువగా నున్నదనుటకు నిలుకడగల సాక్ష్యము లేదని ప్రకటించిరి. దీనిపై వాదములు చెలరేగెను. కాని యొక్క సంగతి నిశ్చయము: తలనొప్పి మాత్ర తలనొప్పిని తగ్గించినంత మాత్రమున, దేహములో ఆ మాత్ర కొఱవడుటచేతనే తలనొప్పి వచ్చినదనరాదు గదా! మందు మేలుచేయుట వేఱు, రోగకారణము వేఱు.

అట్లయిన ఆ వారములలో జరుగునదేమి? నాడీకణములు మెల్లగా తమ సంబంధములను మార్చుకొనుచున్నవని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. మెదడు రాతితో చెక్కిన బొమ్మ కాదు. అది తోట వంటిది. వాడుక కలిగిన కొమ్మలు వృద్ధిపొందును, వాడుక లేనివి యెండును. ఈ మందులు నాడీకణములకు ఎరువు వంటి యొక మాంసకృత్తును హెచ్చించుననియు, ఎలుకల మెదడులో క్రొత్త కణములు పుట్టుటకు తోడ్పడుననియు ప్రయోగములు చూపినవి. ఎరువు వేసిన మఱునాడే చెట్టు పూయదు. వారములు పట్టుటకు కారణమిదియే కావచ్చును.

ఒత్తిడి మెదడు నెట్లు మార్చును

భయము కలిగినప్పుడు మెదడు మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులకు వార్త పంపును. అవి కార్టిసాల్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. పాము కనబడినప్పుడు పరుగెత్తుటకు ఇది మేలే. పాము పోయిన పిదప కార్టిసాల్ తగ్గవలెను. కాని యప్పులు, ఇంటిలో కలహములు, అవమానము, నిత్యము తిట్లు - ఇట్టి పాములు విడిచిపోవు. అప్పుడు కార్టిసాల్ దీర్ఘకాలము హెచ్చుగనే యుండవచ్చును. తీవ్ర విషాదము పొందిన పలువురియం దిది కనబడినది.

మెదడులో మూడు భాగములను ఇచ్చట చెప్పవలెను. మొదటిది నొసటి వెనుకనుండు ముందు భాగము. ఇది యోచించి, నిర్ణయించి, భయమునకు కళ్లెము వేయును. రెండవది అమిగ్డలా, బాదము గింజ యాకారమున నుండి అపాయమును పసిగట్టును. మూడవది హిప్పోకాంపస్, సముద్రగుఱ్ఱము వంటి యాకారము గలది, జ్ఞాపకములను కూర్చును, కార్టిసాలును అదుపులో నుంచుటకును తోడ్పడును. విషాదరోగులయందు అమిగ్డలా దుఃఖకరమైన వానికి అధికముగ స్పందించుట, ముందు భాగపు అదుపు సడలుట, పలుమాఱు రోగము వచ్చినవారిలో హిప్పోకాంపస్ సగటున కొంచెము చిన్నదగుట పరిశోధకులు చూచిరి. నా శిష్యునకు చదివిన లెక్క తలకెక్కకపోవుటకును, చిన్న మాటయు పెద్ద గాయమగుటకును కారణమిచ్చటనే కలదు.

అయినను ఇవి సగటు లెక్కలు. ఒక రక్తపరీక్షచేత గాని, మెదడు ఛాయాచిత్రముచేత గాని "ఇతనికి విషాదరోగము కలదు" అని నిర్ణయించుట నేటికిని సాధ్యము కాదు. రోగితో మాటాడియే వైద్యుడు నిర్ణయింపవలెను. రక్తపరీక్షలు చేయించుట వేఱు కారణముచేత: కంఠములోని థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తహీనత కలిగినను ఇట్టి లక్షణములే కనబడవచ్చును. వంశపారంపర్యమునకును కొంత పాలు కలదు. కవలలపై జరిగిన పరిశోధనలు ఆ పాలు మూడవ వంతునకు కొంచెము మించునని చెప్పుచున్నవి. తక్కినది జీవితములో సంభవించు పరిస్థితులకు సంబంధించినది. కాబట్టి తల్లికి వచ్చినది బిడ్డకు వచ్చి తీరునని భయపడ నక్కఱలేదు.

చికిత్స

మెదడు మాఱునదియే గనుక, దానిని మేలుదెసకు మార్చు మార్గములును పెక్కు గలవు.

మొదటిది మాటలచేత చికిత్స. 1960వ దశాబ్దమున అమెరికా వైద్యుడు ఆరన్ బెక్, రోగి తన్ను గూర్చి, లోకమును గూర్చి, భవిష్యత్తును గూర్చి చేయు చెడు తలపులను వాని చేతనే పరీక్షింపజేయు పద్ధతిని కల్పించెను. "నేను దేనికిని పనికిరాను" అను తలపును సాక్ష్యములతో తూచి చూచుకొనుట ఇందులో నొక భాగము. దీనికంటె సులువైనది మఱియొకటి కలదు: మానిన పనులను కొంచెము కొంచెముగ మరల మొదలిడుట. గోవాలోని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులును దీనిని పరీక్షించిరి. వైద్యులు కాని సామాన్యులకు తరిఫీదిచ్చి, వారిచేత రోగులతో ఆఱు మొదలు ఎనిమిది మాఱులు మాటాడించి, దినచర్యను మరల కూర్పించిరి. ఇందు 493 మంది పాల్గొనిరి. మూడు మాసములకు ఈ సాయము పొందినవారిలో నూటికి 64 మందియు, పొందనివారిలో నూటికి 39 మందియు రోగవిముక్తులైరని 2016 డిసెంబరులో ప్రకటించిరి. ఓర్పుతో వినుట నేర్చిన మనుష్యుడు మందుతో సమానమని దీనివలన తెలియుచున్నది.

రెండవది మందులు. రోగము తీవ్రమైనప్పుడు ఇవి యవసరము. వీనిని వైద్యుడు చెప్పినట్లే వాడవలెను. మొదటి వారములలో వికారము, నిద్ర చెడుట మున్నగు ఇబ్బందులు ముందు వచ్చును, మేలు తరువాత వచ్చును. "పది దినములైనను గుణము లేదు" అని మానరాదు. "బాగైతిని" అనియు మానరాదు. బాగైన పిదప సాధారణముగ ఆఱు మాసములైనను వాడి, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకొనవలెను. పిల్లలయందును యువకులయందును మొదటి వారములలో చెడు తలపులు హెచ్చగుట కొందఱియందు కనబడినందున, ఆ దినములలో తలిదండ్రులు మెలకువతో కనిపెట్టి, వైద్యునికి తెలుపుచుండవలెను.

మూడవది విద్యుత్ చికిత్స. 1938లో రోము నగరమున చెర్లెట్టి, బీనీ యను వైద్యులు దీనిని ప్రారంభించిరి. చలనచిత్రములలో దీనిని క్రూరదండనగ చూపుచుందురు. నేడు రోగికి మత్తుమందును, కండరములను సడలించు మందును ఇచ్చియే చేయుదురు. అట్లు కాక చేయుటను మన 2017వ సంవత్సరపు మానసికారోగ్య చట్టము నిషేధించినది. కొంతకాలము జ్ఞాపకము మందగించుట దీనివలని లోపము. అయినను అన్నపానములు మాని మృత్యుముఖమున నున్నవారిని ఇది పలుమాఱు కాపాడినది. ఈ నడుమ కీటమిన్ అను మత్తుమందు స్వల్ప మోతాదులో కొన్ని గంటలలోనే గుణమిచ్చుట కనుగొనబడి, దాని సంబంధమైన ఎస్‌కీటమిన్ 2019లో అమెరికాలో అంగీకారము పొందినది. ఇది పూర్వపు మందులవలె గాక గ్లూటమేట్ అను వేఱొక వార్తాహరముపై పనిచేయును.

వీనికి తోడు క్రమమైన నిద్ర, ప్రతిదినము నడకయో ఆటయో, మద్యమునకు దూరముగ నుండుట రోగికి మేలుచేయును. కాని రోగిని "లేచి పరుగెత్తు" మని గద్దించుట వలన ప్రయోజనము లేదు. చేయిపట్టి కూడ నడువవలెను.

మన కర్తవ్యము

మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయమును గూర్చి మనలో పెద్దలు చెప్పుకొందురు. 1915లో ఆ మిషను ఆసుపత్రి పనిచేయ నారంభించిన కాలమున క్షయ యనగా ఇంటివారు దాచుకొను రోగము. దాని పేరు చెప్పిన సంబంధములు తప్పిపోవును. అప్పటికి దానికి మందును లేదు. అయినను మిషను వైద్యులు రోగిని దూషింపక, గాలియు వెలుతురును పాలును విశ్రాంతియు నిచ్చి కాపాడిరి. కుష్ఠరోగులను చేరదీసినదియు ఇట్టి యాసుపత్రులే. ఒకనాటి శాపములు నేడు రోగములైనవి. ఇప్పుడు మన యిండ్లలో దాచుకొనుచున్నది విషాదరోగము. దీనికి మందులును కలవు, మాటాడు పద్ధతులును కలవు. కొఱవడినది మన చూపు.

తలిదండ్రులారా! చదువులో వెనుకబడిన బిడ్డను దండించుటకు ముందు, "నిద్ర పట్టుచున్నదా? అన్నము రుచించుచున్నదా? మనస్సెట్లున్నది?" అని యడుగుడు. జవాబు వచ్చువఱకు కూర్చుండుడు. చావవలెనని యెవరైన పలికినచో దానిని బెదరింపుగ నెంచరాదు. "అట్టి తలపు కలుగుచున్నదా?" అని సూటిగ నడుగుట వలన ఆ తలపు క్రొత్తగా పుట్టదు, అడిగినందులకు బరువు తగ్గును. అట్టివానిని ఒంటరిగ విడువక, పురుగుమందుల వంటివి అందుబాటులో లేకుండ తొలగించి, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రింబగళ్లు, తెలుగులోను, ఉచితముగా సలహా లభించును.

విద్యార్థులారా! మీలో నెవరైన ఈ బాధలో నున్నచో, అది మీ తప్పు కాదని తెలిసికొనుడు. చేయి విఱిగినవాడు చేతిని దాచుకొనడు. ఒక ఉపాధ్యాయునితోనో, వార్డెనుగారితోనో, పాదిరిగారితోనో ఒక్క మాట చెప్పుడు. మీ స్నేహితుడు రహస్యమని చెప్పినను, ప్రాణమునకు సంబంధించిన రహస్యమును దాచుట స్నేహధర్మము కాదు. మేము సరిగా వినకపోయినచో మఱియొకరితో చెప్పుడు. వినువారు దొరకువఱకు చెప్పుడు.

రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయమున ఏలీయా ప్రవక్త అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొన్న వృత్తాంతము కలదు. కర్మెలు పర్వతముపై అగ్నిని రప్పించిన మహాభక్తుడే యిట్లు క్రుంగిపోయెను. అప్పుడు వచ్చిన దేవదూత యేమి చేసెను? అతని విశ్వాసమును పరీక్షింపలేదు. సోమరి యనలేదు. తట్టి లేపి, వేడి రొట్టెయు నీరును చూపెను, మరల నిద్రపోనిచ్చెను, రెండవమాఱు తట్టి లేపి, ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పి భోజనము చేయుమనెను. తరువాతనే ప్రయాణము, తరువాతనే పని, తరువాతనే ఎలీషా యను తోడు. దేవదూత కేది ముందో, ఏది వెనుకయో తెలిసియుండెను. ఆనాడు మా తరగతిగదిలో నాకది తెలియలేదు.

ఈ సంవత్సరము ప్రోగ్రెసు కార్డులు వ్రాయునప్పుడు, వెనుకబడిన ప్రతి పేరు నెదుట నేను కలము నాపుచున్నాను. ఆ పిల్లవానిని పిలిచి మాటాడిన పిదపనే వ్రాయుచున్నాను. ఇది చదివిన మీరును మీ యింట ఒక్కరినైన అట్లు పిలిచి మాటాడినచో, ఈ వ్యాసము ధన్యము.